బిళ్ళ ఒకటే, గట్లు వేరు

1983 ప్రాంతంలో అమెరికాలోని కంప్యూటర్ దుకాణాల్లో ఐదుంపావు అంగుళాల ఖాళీ ఫ్లాపీలు పదేసి చొప్పున అట్టపెట్టెల్లో దొరికేవి. ఒక పెట్టెలోంచి నాలుగు ఫ్లాపీలు తీసి, అప్పట్లో వాడుకలో ఉన్న నాలుగు కంప్యూటర్లకు ఇచ్చామనుకుందాం. టీఆర్ఎస్-80 మోడల్ 1 తన ఫ్లాపీ మీద 87.5 కిలోబైట్లు రాస్తుంది. యాపిల్ 2 సరిగ్గా అలాంటి ఫ్లాపీ మీదే 140 కిలోబైట్లు రాస్తుంది. కమొడోర్ 64కు తగిలించే 1541 డ్రైవు 170 కిలోబైట్లు దాటిస్తుంది. ఐబీఎం పీసీ 180 కిలోబైట్లు పట్టిస్తుంది. నలుగురూ వాడింది బిళ్ళకు ఒక వైపే. ప్లాస్టిక్ ఒకటే, దాని మీది ఐరన్ ఆక్సైడ్ పూత ఒకటే. అయినా ఒకరు రాసింది మరొకరు చదవలేరు.

ఖాళీ ఫ్లాపీ గట్లు వేయని పొలం లాంటిది. ఎన్ని మడులుగా విడగొట్టాలో, గట్టు ఎంత వెడల్పు ఉండాలో, ఏ మడిలో ఏముందో చెప్పే గుర్తు ఎక్కడ పాతాలో పొలం చెప్పదు. అది సాగుచేసేవాడి నిర్ణయం. గట్టు కింద పోయిన నేలలో పంట రాదు కాబట్టి ఆ నిర్ణయాన్ని బట్టే దిగుబడి ఉంటుంది. కంప్యూటర్ పరిభాషలో ఈ పనినే ఫార్మాట్ చేయడం అంటాం. టీఆర్ఎస్-80 వాడిన తరహా డ్రైవు బిళ్ళ మీద 35 వలయాలు గీస్తుంది. ఈ వలయాలే ట్రాకులు. ఖాళీ లేకుండా నింపితే ఒక్కో ట్రాకులో 3,125 బైట్లు, మొత్తం మీద 1,09,375 బైట్లు పట్టాలి. కానీ వాడుకోవడానికి మిగిలేది 89,600. తక్కిన దాదాపు 20 వేల బైట్ల చోటు హద్దులకూ గుర్తులకూ పోతుంది.

ఆ హద్దులు ఎవరికి వారు వేరువేరుగా ఎందుకు వేసుకున్నారన్నదే ఈ అధ్యాయంలో మన ప్రశ్న.

పంచ్‌కార్డు వారసుడు

ఫ్లాపీ పుట్టింది ఐబీఎంలో. 1971లో వచ్చిన మొదటి ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో దాదాపు 80 కిలోబైట్లు పట్టేవి. అది చదవడానికి మాత్రమే. పెద్ద కంప్యూటర్లకూ వాటి అనుబంధ యంత్రాలకూ లోపలి సూచనలను ఎక్కించడమే దాని పని. 1973లో ఐబీఎం 3740 అనే డేటా ఎంట్రీ యంత్రంతో రాసే ఫ్లాపీ కూడా వచ్చింది. పంచ్‌కార్డుల కట్టలను ఆఫీసుల నుంచి సాగనంపడం ఆ యంత్రం లక్ష్యం.

దాని ఫార్మాటు ఇదీ: 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టార్లు (ట్రాకును విడగొట్టిన మడులు), సెక్టారుకు 128 బైట్లు. మొత్తం 2,56,256 బైట్లు. పంచ్‌కార్డు మీద 80 అక్షరాలుంటాయి. 128 బైట్ల సెక్టారులో ఒక కార్డు హాయిగా ఇముడుతుంది. ఐబీఎం 73 ట్రాకులను డేటాకు కేటాయించి, మిగిలిన వాటిని విషయసూచికకూ, చెడిపోయిన ట్రాకులకు బదులుగానూ ఉంచింది. సెక్టారుకు ఒక కార్డు చొప్పున ఒక్క ఫ్లాపీలో 1,898 కార్డులు పట్టాయి. పాత అలవాటు కొత్త పరికరం రూపాన్ని ఎలా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఐబీఎం పెద్ద సంస్థ కాబట్టి మిగతావాళ్ళు ఆ ఫార్మాటునే అనుసరించారు. డెక్ కంపెనీ ఆర్ఎక్స్01 డ్రైవు ఇదే పద్ధతిలో రాసింది. ఎనిమిది అంగుళాల ఫ్లాపీల తొలి రోజుల్లో కంప్యూటర్ల మధ్య ఒక ఉమ్మడి ఒప్పందం దాదాపుగా ఏర్పడింది.

1976లో షుగార్ట్ అసోసియేట్స్ ఎస్ఏ400 పేరుతో ఐదుంపావు అంగుళాల డ్రైవు తెచ్చాక ఆ ఒప్పందం చెదిరిపోయింది. ఈ చిన్న సైజులో అనుసరించడానికి ఐబీఎం ఫార్మాటు ఏదీ లేదు. పైగా ఆ డ్రైవు చేసే పని చాలా తక్కువ. మోటారు బిళ్ళను నిమిషానికి 300 సార్లు తిప్పుతుంది, చదివే, రాసే హెడ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతుంది, అయస్కాంత దిశ మారిన చోటల్లా ఒక విద్యుత్ స్పందన పంపుతుంది. ఆ స్పందనలకు అర్థం చెప్పాల్సింది కంట్రోలర్. దాన్ని ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంతంగా తయారుచేసుకుంది. అందరూ ఇంచుమించు ఒకే డ్రైవు కొని, దాని మీద తమ తమ పద్ధతులు కట్టుకున్నారు.

నార్త్ స్టార్ కంపెనీ బిళ్ళకే పది రంధ్రాలు పొడిపించి, ఒక్కో రంధ్రం దగ్గర ఒక్కో సెక్టారు మొదలయ్యేలా చేసింది. రంధ్రం వెలుగును బట్టి సెక్టారు తెలిసిపోతుంది కాబట్టి కంట్రోలర్ చవకగా తయారైంది. మైక్రోపోలిస్ డ్రైవులు పదహారు రంధ్రాల బిళ్ళలు అడిగాయి. సెక్టారు హద్దును అయస్కాంత గుర్తుగా రాసుకునే కంప్యూటర్లకు ఒక్క రంధ్రం చాలు. అంటే కొన్ని యంత్రాల మధ్య ఖాళీ ఫ్లాపీ కూడా చేయి మారలేదు.

గడియారం లేని చోట లెక్క

ఫ్లాపీ మీద 1లూ 0లూ ఉంటాయని వింటాం. నిజానికి ఉండేది అయస్కాంత దిశ మారిన చోట్లు మాత్రమే. దిశ మారితే స్పందన వస్తుంది, మారకపోతే ఏమీ రాదు. వరుసగా ఇరవై సున్నాలు రాస్తే హెడ్‌కు దొరికేది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఇరవై గడులదా, పందొమ్మిది గడులదా? మోటారు వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి తేల్చి చెప్పలేం. అందుకని డేటాతో పాటు కాలాన్ని కూడా బిళ్ళ మీదే రాయాలి. ఎలా రాయాలన్న దగ్గర మూడు దారులు చీలాయి.

మొదటిది ఎఫ్ఎం. ప్రతి బిట్టుకూ ముందు ఒక గడియార స్పందన, ఆ తర్వాత బిట్టు 1 అయితే మరొక స్పందన. నమ్మకమైన పద్ధతే గానీ చోటులో సగం గడియారానికే పోతుంది. ఐబీఎం 3740, టీఆర్ఎస్-80 మోడల్ 1 ఈ దారిన నడిచాయి.

రెండోది ఎంఎఫ్ఎం. 1 వచ్చిన చోట ఎలాగూ స్పందన ఉంటుంది, అదే కాలాన్ని కూడా చెబుతుంది. రెండు సున్నాలు పక్కపక్కన వస్తేనే వాటి మధ్య గడియార స్పందన పెడితే చాలు. స్పందనల మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి గడులను సగానికి కుదించవచ్చు. అదే బిళ్ళ మీద రెట్టింపు డేటా పడుతుంది. డబుల్ డెన్సిటీ అనే మాట వెనకున్నది ఇదే. ఐబీఎం పీసీ దీన్ని వాడింది.

మూడోది జీసీఆర్. కొన్ని బిట్లను గుంపుగా తీసుకుని, పొడవాటి నిశ్శబ్దాలు రాని మరో వరసగా మార్చి రాయడం దీని పద్ధతి. యాపిల్, కమొడోర్ ఈ దారి పట్టాయి, అదీ వేరువేరు పట్టికలతో.

వోజ్నియాక్ లెక్క

1978లో స్టీవ్ వోజ్నియాక్ యాపిల్ 2 కోసం చేసిన డిస్క్ 2 కంట్రోలర్ ఇంజనీరింగ్ చరిత్రలో చెప్పుకోదగ్గ పొదుపు. డజన్ల కొద్దీ చిప్‌లతో కంట్రోలర్లు చేస్తున్న రోజుల్లో ఆయన కార్డులో ఉన్నవి ఎనిమిది చిప్‌లు. సర్క్యూట్లు చేసే పనిలో చాలా భాగాన్ని ఆయన సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. బిళ్ళ మీది రంధ్రాన్ని ఈ డ్రైవు అసలు చూడనే చూడదు. సెక్టారు ఎక్కడ మొదలవుతుందో ప్రత్యేకమైన బైట్ల వరసను బట్టి ప్రోగ్రామే పసిగడుతుంది.

ఆ కంట్రోలర్‌కు మొదట ఒక నియమం ఉండేది: రెండు సున్నాలు పక్కపక్కన రాకూడదు. 1తో మొదలై ఆ నియమానికి లొంగే ఎనిమిది బిట్ల వరసలు 34 ఉన్నాయి. అయిదు బిట్ల డేటాను చెప్పడానికి 32 కావాలి. మిగిలిన రెండూ సెక్టారు హద్దులను గుర్తించడానికి పనికొచ్చాయి. ఎంత ముచ్చటగా సరిపోయిందో చూడండి! ఈ లెక్కన 256 బైట్ల సెక్టారు రాయడానికి బిళ్ళ మీద 410 బైట్ల చోటు పట్టింది. ట్రాకుకు 13 సెక్టార్లు వచ్చాయి.

1980లో యాపిల్ డాస్ 3.3 వచ్చింది. కార్డు మీది చిప్‌లలో ప్రోగ్రాం మార్చి, ఒకచోట రెండు సున్నాలు పక్కపక్కన వచ్చినా తట్టుకునేలా చేశారు. వాడదగిన వరసలు పెరిగాయి, ఎనిమిది బిట్లలో ఆరు బిట్ల డేటా చెప్పడం సాధ్యమైంది. సెక్టారు 342 బైట్లకు కుదించుకుపోయి, ట్రాకులో 16 సెక్టార్లు కూర్చున్నాయి. డ్రైవు మారలేదు, ఫ్లాపీ మారలేదు. 1,16,480 బైట్ల సామర్థ్యం మాత్రం 1,43,360కి పెరిగింది. దానికి మూల్యం కూడా ఉంది. పాత 13 సెక్టార్ల ఫ్లాపీని కొత్త పద్ధతి నేరుగా చదవలేదు. పాత ఫైళ్ళను కొత్త ఫ్లాపీల మీదికి తరలించడానికి మఫిన్ అనే ప్రోగ్రామును యాపిల్ ఇవ్వాల్సి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే యంత్రం, రెండేళ్ళ తేడా. అయినా మధ్యలో దుబాసీ కావలసి వచ్చింది.

బయటి వలయం, లోపలి వలయం

బిళ్ళ అంచున ఉన్న ట్రాకు పొడవెక్కువ, మధ్యకు దగ్గరున్న ట్రాకు పొడవు తక్కువ. అన్నిట్లోనూ సమానంగా సెక్టార్లు పెడితే లోపలి ట్రాకులో బిట్లు కిక్కిరిసి ఉంటాయి, బయటి ట్రాకులో వదులుగా ఉంటాయి. ఐబీఎం పీసీ ఆ నష్టాన్ని ఒప్పుకుంది. కంట్రోలర్ సరళంగా ఉండటమే దానికి ముఖ్యం.

కమొడోర్ 1541 ఒప్పుకోలేదు. బిళ్ళ తిరిగే వేగం మార్చకుండా, బయటి ట్రాకుల్లో బిట్లను మరింత త్వరత్వరగా రాసింది. బయటి 17 ట్రాకుల్లో 21 సెక్టార్లు, తర్వాతి 7 ట్రాకుల్లో 19, ఆ తర్వాతి 6 ట్రాకుల్లో 18, లోపలి 5 ట్రాకుల్లో 17. మొత్తం 683 సెక్టార్లు, 1,74,848 బైట్లు. ఈ పనంతా చూసుకోవడానికి డ్రైవులోనే ఒక ప్రాసెసర్ ఉండేది. అంటే 1541 డ్రైవు తనంతట తానే ఒక చిన్న కంప్యూటర్.

1984లో వచ్చిన మెకింటాష్ దీన్నే తిరగేసింది. సోనీ మూడున్నర అంగుళాల డ్రైవు మోటారు వేగాన్నే మార్చింది. బయటి ట్రాకుల దగ్గర బిళ్ళ నెమ్మదిగా, లోపలి ట్రాకుల దగ్గర వేగంగా తిరుగుతుంది. 80 ట్రాకులను 16 చొప్పున అయిదు మండలాలు చేసి, బయటి నుంచి లోపలికి 12, 11, 10, 9, 8 సెక్టార్లు పెట్టారు. మొత్తం 800 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు, ఒక వైపునే 400 కిలోబైట్లు. మోటారు వేగం మార్చడం తెలియని మామూలు పీసీ డ్రైవులో ఆ ఫ్లాపీ పెడితే ఏమీ పలకదు.

ఒకే సిస్టమ్, డజన్ల ఫార్మాట్లు

పైన చెప్పిన కంప్యూటర్లు ఒకదానికొకటి పోటీ. వాటి ఫార్మాట్లు కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే యంత్రాలు కూడా ఫ్లాపీలు మార్చుకోలేకపోవడం అంతకంటే పెద్ద చిక్కు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం అనేక కంపెనీల యంత్రాల మీద నడిచేది. ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో ఐబీఎం 3740 పద్ధతే దానికి ప్రామాణికం. ఐదుంపావు అంగుళాలకు వచ్చేసరికి ప్రామాణికమే లేదు.

1981 నాటి ఆస్బోర్న్ 1 ఎఫ్ఎంలో 40 ట్రాకులు, ట్రాకుకు 256 బైట్ల సెక్టార్లు పది రాసింది. 1982 నాటి కేప్రో 2 ఎంఎఫ్ఎంలో అన్నే ట్రాకులు, అన్నే సెక్టార్లు పెట్టి, సెక్టారును 512 బైట్లు చేసింది. సంకేత పద్ధతి కలిసినంత మాత్రాన పని అయిపోదు. సిస్టమ్ కోసం ఎన్ని ట్రాకులు కేటాయించారు, ఫైళ్ళ జాబితా ఎక్కడుంది, రెండో వైపు ఏ క్రమంలో వాడారు అన్నవి కూడా తెలియాలి.

ఇంకొక సూక్ష్మం సెక్టార్ల వరస. ఒక సెక్టారు చదివి దాన్ని సర్దుకునేలోపే పక్క సెక్టారు హెడ్ కిందనుంచి దాటిపోతుంది. మళ్ళీ రావాలంటే పూర్తి చుట్టు తిరగాలి. అందుకని సీపీ/ఎం ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో ఆరేసి సెక్టార్లు దాటుకుంటూ రాసేది: 1, 7, 13, 19, 25, మళ్ళీ 5, 11, ఇలా. ఐదుంపావులో ఈ దాటవేత ఎంతన్నది ఎవరి ఇష్టం వారిది. ఆ లెక్క తెలియకుండా చదివితే సెక్టార్లన్నీ తప్పుల్లేకుండా వస్తాయి, ఉత్తరం మాత్రం పేరాలు తారుమారై కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు ఒకే ప్రోగ్రామును డజన్ల కొద్దీ ఫార్మాట్లలో సిద్ధంగా ఉంచుకోవాల్సి వచ్చింది.

ఈ చిక్కు దశాబ్దాల తర్వాత కూడా వదల్లేదు. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ 1991లో మరణించినప్పుడు దాదాపు 200 ఫ్లాపీలు మిగిల్చారు. అవి సీపీ/ఎం నడిపే యంత్రం మీద రాసినవి. నిపుణులు ఆ ఫార్మాటును శోధించి వాటిని చదివిన సంగతి 2016లో లోకానికి తెలిసింది.

పీసీ గెలుపు, దాని లోపలి తగాదాలు

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. 40 ట్రాకులు, 8 సెక్టార్లు, 512 బైట్లు, ఒక వైపు 160 కిలోబైట్లు. మరుసటి ఏడాది రెండు వైపులా వాడి 320. 1983లో పీసీ డాస్ 2.0 ట్రాకులో తొమ్మిదో సెక్టారు ఇరికించి 360 చేసింది. పీసీని అనుకరించే యంత్రాలు లోకమంతా నిండటంతో ఫార్మాటు కూడా వాటితో పాటు వ్యాపించింది. ఉమ్మడి ప్రమాణం ఏ సమావేశంలోనూ పుట్టలేదు, బజారులో పుట్టింది.

పీసీ కుటుంబంలోనూ తగాదాలు లేకపోలేదు. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీలో 1.2 మెగాబైట్ల డ్రైవు ఉండేది. అది 80 ట్రాకులు గీస్తుంది కాబట్టి దాని హెడ్ సన్నం. పాత 360 ఫ్లాపీ మీద అది రాస్తే వెడల్పాటి పాత గీత మధ్యలో సన్నటి కొత్త గీత పడుతుంది, అంచుల్లో పాత డేటా మిగిలిపోతుంది. ఆ ఫ్లాపీని మళ్ళీ పాత డ్రైవులో పెడితే వెడల్పాటి హెడ్ రెండింటినీ కలిపి చదివి తడబడుతుంది. ఒక కంప్యూటర్‌లో బాగా పనిచేసిన ఫ్లాపీ పక్క కంప్యూటర్‌లో ఎర్రర్ చూపడానికి అప్పట్లో ఇది ఒక ముఖ్య కారణం.

1987లో ఐబీఎం పీఎస్/2తో మూడున్నర అంగుళాల 1.44 మెగాబైట్ల ఫ్లాపీ స్థిరపడింది. 80 ట్రాకులు, రెండు వైపులు, 18 సెక్టార్లు, 512 బైట్లు కలిపితే 14,74,560 బైట్లు. మెగాబైటు అంటే పది లక్షలనుకుంటే ఇది 1.47, 1024 చొప్పున లెక్కిస్తే 1.41. 1440 కిలోబైట్లను వెయ్యితో భాగిస్తేనే ఆ 1.44 వస్తుంది. రెండు కొలమానాలు కలగలిసిన ఆ సంఖ్యే ప్రపంచమంతా చలామణీ అయింది. 1988 నుంచి మెకింటాష్ కూడా దాన్ని చదవడం నేర్చుకుంది.

స్పందనలనే భద్రపరచడం

1985లో వచ్చిన అమిగా, పీసీ లాగే ఎంఎఫ్ఎం వాడింది. పీసీ 720 కిలోబైట్లు రాసే మూడున్నర అంగుళాల ఫ్లాపీ మీద అమిగా 880 రాసింది. సెక్టారు సెక్టారుగా రాస్తే, వేగం మారినా పక్క సెక్టారు చెరిగిపోకుండా మధ్యలో ఖాళీలు వదలాలి. అమిగా ట్రాకు మొత్తాన్ని ఒకేసారి రాస్తుంది కాబట్టి ఆ ఖాళీలు అక్కర్లేదు, 9 సెక్టార్ల చోటులో 11 పట్టాయి. పీసీ కంట్రోలర్ చిప్ మాత్రం ఐబీఎం తరహా సెక్టారు గుర్తుల కోసమే వెతుకుతుంది. అవి కనిపించక చేతులెత్తేస్తుంది.

చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా మీద బొమ్మలు వేశారు. ఆ ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లోని ఆయన మ్యూజియంలో ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లబ్ విద్యార్థులు, పూర్వవిద్యార్థులు వాటిని చదివి 2014లో బొమ్మలను బయటికి తెచ్చారు. బిళ్ళ ఫార్మాటు దాటాక బొమ్మల ఫైళ్ళ లోపలి అమరిక మరో గోడగా నిలిచింది, దాన్నీ శోధించి ఛేదించాల్సి వచ్చింది.

వాళ్ళు వాడిన క్రయోఫ్లక్స్ లాంటి పరికరాలు, ఇవాళ తక్కువ ధరకు దొరికే గ్రీజ్‌వీజిల్, ఒక సులువు మీద నడుస్తాయి. ఫార్మాటును అర్థం చేసుకునే ప్రయత్నమే ముందు చేయవు. ఒక స్పందనకూ తర్వాతి స్పందనకూ మధ్య ఎంత కాలం గడిచిందో మాత్రం నమోదు చేస్తాయి. మామూలు డబుల్ డెన్సిటీ ఎంఎఫ్ఎం ఫ్లాపీలో ఆ విరామాలు 4, 6, 8 మైక్రోసెకన్ల చుట్టూ గుమిగూడతాయి. ఆ కొలతలు దగ్గరుంటే అది యాపిలా, కమొడోరా, అమిగానా అన్నది తర్వాత తీరిగ్గా సాఫ్ట్‌వేర్‌తో తేల్చుకోవచ్చు. పూత రాలిపోయే లోపు ఒక్కసారి చదివితే చాలు.

మీ బీరువాలోని ఫ్లాపీలు

ఈ అధ్యాయంలో చూసిన ప్రతి ఫార్మాటూ తన ఇబ్బందికి తెలివైన జవాబే. చిప్‌ల ఖర్చు ఒకరిని తరిమింది, చోటు మరొకరిని, సరళత ఇంకొకరిని. వాటిని తప్పు పట్టనక్కర్లేదు. కానీ అవి నేర్పే పాఠాన్ని మరిచిపోకూడదు: సమాచారంలో సగమే బిళ్ళ మీద ఉంటుంది, తక్కిన సగం దాన్ని చదివే పద్ధతిలో ఉంటుంది. ఆ పద్ధతిని రాసిపెట్టినవాళ్ళ వల్లే ఇవాళ పాత ఫ్లాపీలు నోరు విప్పుతున్నాయి.

తెలుగువాళ్ళకు ఈ పాఠం దూరపు సంగతి కాదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన డీటీపీ కేంద్రాల్లో పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు కంపోజ్ అయి ఫ్లాపీలకెక్కాయి. అప్పటి తెలుగు ఫాంట్లు ఒక్కోటి ఒక్కో సంకేతపట్టిక వాడేవి. ఫ్లాపీ చదివినా ఏ ఫాంటో తెలియకపోతే తెరమీద అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి.

కాబట్టి మీ ఇంట్లోనో, ప్రెస్సులోనో, గ్రంథాలయంలోనో ఫ్లాపీలుంటే ఇప్పుడే పని మొదలుపెట్టండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలనున్న చిన్న పలకను జరిపి రంధ్రం తెరవండి, ఐదుంపావు ఫ్లాపీ అయితే పక్కనున్న గంటుకు కాగితం అతికించండి. అప్పుడు పొరపాటున కూడా దాని మీద ఏమీ రాయలేం. ఏ కంప్యూటర్, ఏ ప్రోగ్రాం, ఏ ఫాంటు, ఏ సంవత్సరం అన్నవి గుర్తున్నంత మేరకు కవరు మీద రాయండి. ఫైళ్ళు కాపీ చేసి ఊరుకోకుండా బిళ్ళ మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు పూర్తి నకలు, తీయించండి. ఈ కాలపు కంప్యూటర్‌లో పెట్టినప్పుడు ఫ్లాపీ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటారా అని అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ సరేననకండి. ఆ ఫ్లాపీకి ఫార్మాటు ఉండే ఉంటుంది, ఆ కంప్యూటర్‌కు అది తెలియదు, అంతే.